బామ్మ పడవ తాళాలు చేతికొచ్చినవాళ్ళకు

సెయిలింగ్ క్లబ్బుల కమిటీలవారికి, తెరచాప పడవ నడిపిన బామ్మనో అమ్మమ్మనో ఈమధ్యే సాగనంపిన ఇళ్ళవాళ్ళకు,

నమస్కారం.

ఇంట్లో పెద్దావిడ పోతే ఏం చెయ్యాలో చెప్పేవాళ్ళకు మనలో కొదవ లేదు. పదోరోజు ఎవరు ఏం చెయ్యాలి, పన్నెండోరోజు ఎవర్ని పిలవాలి, ఫొటో ఏ గోడకి పెట్టాలి, అన్నీ ఎవరో ఒకరు చెబుతారు. ఆవిడకి ఒక పడవ ఉంటే మాత్రం చెప్పేవాళ్ళు దొరకరు. తాళాలు సొరుగులో పడి ఉంటాయి. ఆర్నెల్లకి క్లబ్బు నుంచి స్థలం అద్దె బకాయి అంటూ కాగితం వస్తుంది. వెళ్ళి చూస్తే పడవ నిండా వాననీళ్ళు, తెరచాపకి బూజు, తాళ్ళకి నాచు. ఏరు దాటాక తెప్ప తగలేశారని సామెత చెప్పుకుంటాం గానీ, తగలెయ్యకుండా కుళ్ళబెట్టడం కూడా అలాంటిదే.

మేం పడవలు నడిపేవాళ్ళం, తెరచాపలు కుట్టేవాళ్ళం. మా మాట ఒక్కటే. పడవ నడిపిన మనిషి గుర్తులు ఫొటోల్లో కంటే ఆవిడ తాళ్ళమీద, పుస్తకాల్లో, పనిముట్లమీద ఎక్కువ ఉంటాయి. అవి మొదటి నెలలోనే పోతాయి. పోగొట్టేది దొంగలు కాదు, శుభ్రం చేసిపెడదామని వచ్చే మంచివాళ్ళు.

అందుకని ముందుగా పడవలోకి బకెట్టూ చీపురూ తీసుకెళ్ళకండి. ఫోనూ, కాగితమూ, పెన్సిలూ తీసుకెళ్ళండి. తాళ్ళు చూడండి. తెరచాపను పైకెత్తే తాడు హాల్యార్డు. తెరచాపను బిగించి వదిలే తాడు షీట్ (దుప్పటి కాదు, కొత్తవాళ్ళందరూ ఇక్కడే తికమకపడతారు). ఏళ్ళ తరబడి ఒకే పడవ నడిపినవాళ్ళు ఈ తాళ్ళమీద ఎర్రదారంతోనో టేపుతోనో గుర్తులు పెట్టుకుంటారు. ఆ గుర్తు క్లీట్ (తాడు బిగించి కట్టే కొక్కెం) దగ్గరికి వస్తే తెరచాప ఆ గాలికి సరిగ్గా బిగిసిందని అర్థం. జిబ్ అంటే ముందున్న చిన్న తెరచాప, దాని షీట్ వెళ్ళే కప్పీ డెక్ మీద పట్టామీద జరుగుతుంది. ఆ పట్టాకి వరసగా రంధ్రాలుంటాయి. కప్పీ ఇప్పుడు ఎన్నో రంధ్రంలో ఉందో ముందు నుంచి లెక్కపెట్టి రాసుకోండి. అది ఆవిడ చివరిసారి పడవ దిగిన రోజు గాలి. తాళ్ళన్నీ విప్పి చుట్టచుట్టి సంచిలో వేసేశాక ఈ లెక్క ఎవరికీ తెలియదు.

తాడు కొసలు కూడా చూడాలి. ఈ రోజుల్లో చాలామంది నైలాన్ తాడు కొసని లైటర్‌తో కాల్చి వదిలేస్తారు. పాతకాలపు చెయ్యి అయితే మైనం పట్టించిన దారాన్ని కొస చుట్టూ, తాడు లావుకి ఒకటీ ఒకటిన్నర రెట్ల పొడవున, ఒరుసుకునేలా చుట్టి సూదితో కుట్టి బిగిస్తుంది. అలాంటి కొస కనిపిస్తే తాడు పాతదైపోయినా ఆ కొసని అడుగు పొడవున కోసి ఉంచుకోండి. పనిముట్ల పెట్టెలో తోలు పట్టీ ఒకటి దొరుకుతుంది. అరచేతికి తొడుక్కుంటారు, బొటనవేలి మొదట్లో చిన్న ఇనప బిళ్ళ ఉంటుంది. తెరచాప గుడ్డలోకి సూదిని తోసేది ఆ బిళ్ళతోనే. దానిమీద సూది గుంటలు ఒక్కచోటే గుంపుగా ఉంటాయి, తోలు ఆవిడ చేతి వంపుకి వంగిపోయి ఉంటుంది. కుడిచేతి పట్టీ ఎడమచేతివాటం వాళ్ళకి పట్టదు. కాబట్టి పంపకాల్లో ఎవరికివ్వాలో చెయ్యి చూసి ఇవ్వండి, వరస చూసి కాదు.

లాగ్‌బుక్కు విషయంలో తొందర పనికిరాదు. టైము, గాలి దిక్కు, బారోమీటరు, నడిచిన మైళ్ళు, పక్కన ఒక్క ముక్క వ్యాఖ్య. చూడడానికి కిరాణా పద్దులా ఉంటుంది. పెన్సిలుతో రాసి ఉంటే భయం లేదు, తడిసినా చెదరదు. బాల్‌పెన్ను, ఇంకు అయితే జాగ్రత్త. పేజీలు అంటుకుపోయి ఉంటే గోటితో విడదీయకండి, ఎండలో పెట్టకండి. నీడలో ఫ్యాను కింద నిలబెట్టి, మధ్యలో టిష్యూ కాగితాలు పెట్టి, రోజుకి రెండుసార్లు మారుస్తూ ఆరనివ్వండి. ఆరాక కిటికీ వెలుగులో, ఫ్లాష్ లేకుండా ప్రతి పేజీ ఫొటో తియ్యండి, ఖాళీ పేజీలతో సహా. సముద్రపు చార్టులమీద పెన్సిలు గీతలుంటాయి. మురికి అనుకుని రబ్బరు పెట్టినవాళ్ళున్నారు. పడవలో జీపీఎస్ ప్లాటర్ (దారి చూపించి గుర్తుంచుకునే తెర) ఉంటే ఆవిడ తిరిగిన దారులన్నీ మెమరీ కార్డులోకి జీపీఎక్స్ ఫైళ్ళుగా దించుకోవచ్చు, పావుగంట పని. పడవ అమ్మాక కొన్నవాళ్ళు మొదట చేసేది దాన్ని రీసెట్ కొట్టడమే.

ఇక పేపర్లో వేసే ప్రకటన. “సెయిలింగ్ అంటే మక్కువ” అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. మక్కువ అందరికీ ఉంటుంది. పడవ పేరు, పొడవు, సెయిల్ నంబరు (తెరచాపమీద వేసే అంకెలు), ఏ నీళ్ళలో, ఏ ఏడు నుంచి ఏ ఏడు దాకా, చుక్కాని పట్టారా, జిబ్ చూసుకున్నారా, ఇవి రాయండి. రెండిట్లో ఏదీ తక్కువ కాదు గానీ ఒకటి కాదు. వేగం “గంటకు ఆరు నాట్లు” అని రాయకూడదు. నాట్ అంటేనే గంటకు ఒక నాటికల్ మైలు, అంటే 1.852 కిలోమీటర్లు. ఫొటో తిరగబడి అచ్చయితే సెయిల్ నంబరు అద్దంలో చూసినట్టు కనిపిస్తుంది, పంపేముందు అంకెలు చూసుకోండి. ఫొటో కూడా పెళ్ళినాటిది కాకుండా లైఫ్ జాకెట్‌తో ఉన్నది వెయ్యండి. చుట్టాలు సణుగుతారు, సణగనివ్వండి.

ఖచ్చితంగా రాయడం ఎందుకంటే, జీన్ సోక్రటీస్ అనే బ్రిటిష్ బామ్మ 2019 సెప్టెంబరులో కెనడాలోని విక్టోరియా రేవుకి తన 38 అడుగుల పడవ ‘నెరీడా’లో భూమి చుట్టి తిరిగొచ్చారు. పేపర్లన్నీ 77 ఏళ్ళు, 77 ఏళ్ళు అన్నాయి. పడవవాళ్ళు ఆగి చదివింది ఇంకో మూడు మాటలు: ఒంటరిగా, ఎక్కడా ఆగకుండా, బయటి సాయం లేకుండా. వయసు ఊరికే వస్తుంది, ఆ మూడూ ఊరికే రావు. ఇది ఎక్కడో పరాయి ఊరి సంగతనుకోకండి. 2017 సెప్టెంబరులో గోవా నుంచి బయలుదేరి 254 రోజుల్లో భూమి చుట్టి వచ్చిన 55 అడుగుల నౌకాదళ పడవ ‘తారిణి’లో ఆరుగురూ ఆడవాళ్ళే. వాళ్ళలో విశాఖపట్నం స్వాతి, హైదరాబాదు ఐశ్వర్య ఉన్నారు. ఇంకో నలభై ఏళ్ళకి తెలుగు బామ్మల్లో దక్షిణ అమెరికా కొసనున్న కేప్ హార్న్ చుట్టొచ్చినవాళ్ళు ఉంటారు. క్లబ్బులు ఇప్పటినుంచే అలవాటు చేసుకోవడం మంచిది.

అస్థికల విషయం కాస్త వివరంగా రాయాలి. ఎక్కువ పొరపాట్లు ఇక్కడే.

మన దగ్గర సంచయనంలో ఏరిన అస్థికలు ముక్కలుగా ఉంటాయి. అమెరికాలో యంత్రంలో పొడి చేసి ఇస్తారు, రెండు మూడు కిలోలు ఉంటుంది. అందులో ఇసకలాంటిది నేరుగా మునుగుతుంది, మెత్తటి బూడిద గాలికి లేస్తుంది. నిలబడి, చేతులు చాచి, గాలికి ఎదురుగా వదిలితే అదంతా వదిలినవాళ్ళ మొహంమీదికీ తెరచాపమీదికీ వస్తుంది. సినిమాల్లో చూపించేది ఇదే, జరగకూడనిదీ ఇదే. గాలి పోయే వైపు, పడవ వెనకభాగంలో మోకాళ్ళమీద కూర్చుని, నీటికి జానెడెత్తులోంచి వదలాలి. ఇంకా మేలైన పద్ధతి: పలచటి నూలుగుడ్డ సంచిలో పోసి, సంచిని నీళ్ళలో ముంచి, అక్కడ మూతి విప్పి తలకిందులు చెయ్యడం. బూడిద పైకి లేవదు. సంచిని మళ్ళీ పడవలోకి తీసుకోవాలి.

మట్టికుండలో పెట్టి మూతికి గుడ్డ కట్టి వదిలేవాళ్ళు ఒక సంగతి మరచిపోతారు. లోపల గాలి ఉన్న కుండ తేలుతుంది. గంటలో అలలతోపాటు ఒడ్డుకొచ్చి ఎవరో అపరిచితుల కాళ్ళ దగ్గర ఆగుతుంది. గుడ్డ విప్పి, కుండ నీళ్ళతో నిండేదాకా ఒరగబెట్టి వదలండి.

పడవ ఆ సేపు కదలకుండా నిలవాలి. ఇంజను ఆపి గాలికి వదిలేస్తే అడ్డంగా తిరిగి ఊగుతుంది, సగంమందికి వాంతులు. దానికి హీవ్ టూ అనే పద్ధతి ఉంది. జిబ్ షీట్ వదలకుండా పడవను అవతలి వైపుకి తిప్పండి. జిబ్ వెనక్కి ఉబ్బి పడవ ముక్కుని పక్కకు నెడుతుంది. మెయిన్ సెయిల్ (పెద్ద తెరచాప) కొంచెం వదిలి, టిల్లర్‌ని (చుక్కాని తిప్పే కర్రని) గాలి పోయే వైపుకి తోసి తాడుతో కట్టేస్తే మెయిన్ సెయిల్ ముక్కుని మళ్ళీ గాలికి తిప్పుతుంది. రెండూ ఒకదాన్నొకటి ఆపుకుని పడవ నెమ్మదిస్తుంది. పూర్తిగా ఆగదు. కొద్దిగా ముందుకీ, కొద్దిగా గాలివాటానికీ జరుగుతూ ఉంటుంది. వెనకభాగంలో కూర్చోమన్నది ఇందుకే. పడవ మధ్యలోంచి వదిలితే వదిలినదాని మీదికే పడవ జరుగుతుంది, పూలు అడుగున ఇరుక్కుంటాయి.

గాలి 5 నుంచి 10 నాట్లు ఉన్న రోజు చూసుకోండి. 15 దాటితే నురగలు, అలవాటు లేనివాళ్ళకి నరకం. 3 కంటే తక్కువైతే తెరచాప పడవను నిలబెట్టలేదు, పాత అలలకి పడవ ఉయ్యాలలూగుతుంది. కాకినాడ, విశాఖ వైపు వర్షాకాలమూ, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపానుల రోజులూ వద్దు. ఆ తర్వాత ఆకాశం తేటగా ఉన్న రోజుల్లో తెల్లవారుజామున నేల మీద నుంచి గాలి వీస్తుంది, పొద్దెక్కాక సముద్రం మీద నుంచి తిరుగుతుంది. పొద్దున్నే ఆ గాలితో వెళ్ళి, మధ్యాహ్నం ఈ గాలితో వచ్చెయ్యొచ్చు. తోడుగా మోటారు బోటు కావాలంటే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా చేపలవేట నిషేధమని గుర్తుంచుకోండి, ఆ రెండు నెలలూ అడిగినా కష్టం. హార్బరు అనుమతి ముందుగానే తీసుకోండి.

అమెరికాలో ఉన్నవాళ్ళకు: సముద్రంలో అయితే ఒడ్డుకి కనీసం 3 నాటికల్ మైళ్ళ అవతల, అంటే అయిదున్నర కిలోమీటర్ల దూరంలో వదలాలని అక్కడి పర్యావరణ సంస్థ నియమం. ముందుగా అనుమతి అక్కర్లేదు గానీ వదిలిన 30 రోజుల్లోపు వాళ్ళ ప్రాంతీయ కార్యాలయానికి తెలియజేయాలి. ప్లాస్టిక్ పూలు, కరగని దండలు కుదరవు. చెరువులకీ నదులకీ ఆయా రాష్ట్రాల నియమాలు వేరు. 5 నాట్లతో వెళ్ళే పడవకి 3 మైళ్ళు 36 నిమిషాలే అనిపిస్తుంది. ఎదురుగాలి అయితే అటూ ఇటూ తిరుగుతూ వెళ్ళాలి కనుక గంట దాటుతుంది. రానూపోనూ మూడు గంటలనుకుని, దాన్నిబట్టి పెద్దవాళ్ళని ఎక్కించండి.

ఎక్కించడమంటే గుర్తొచ్చింది. 25 అడుగుల పడవలో నడిపేవాళ్ళు ఇద్దరు పోగా నలుగురు. వంశం మొత్తం ఎక్కకూడదు. మిగతావాళ్ళకి ఇంకో బోటు మాట్లాడండి. లైఫ్ జాకెట్ అందరికీ, పురోహితుడిగారితో సహా, ఉత్తరీయం మీదే. బూమ్ (పెద్ద తెరచాప అడుగున అడ్డంగా ఉండే కర్ర) తల ఎత్తులో తిరుగుతుందని ఒడ్డునే చూపించి చెప్పండి. చీర కుచ్చిళ్ళు షీట్లో చిక్కుకుంటాయి, ఆ రోజుకి సల్వార్ కమీజో ప్యాంటో మేలు. కర్పూర హారతి ఒడ్డున ఇచ్చేయండి. పడవలో పెట్రోలు ట్యాంకు ఉంటుంది, స్పిన్నకర్ అనే రంగుల తెరచాప నైలాన్‌ది, నిప్పురవ్వకే కరిగి చిల్లుపడుతుంది. దండలు అరటినారతో కట్టించండి. బజార్లో ఇప్పుడు నైలాన్ దారంతో కడుతున్నారు. అది ప్రొపెల్లర్‌కి చుట్టుకుంటే ఇంజను ఆగిపోతుంది. జనవరి నుంచి మార్చి దాకా మన తీరానికి గుడ్లు పెట్టడానికొచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్ళ మెడకీ చుట్టుకుంటుంది.

హుస్సేన్ సాగర్‌లో మాత్రం కలపకండి. అక్కడే నేర్చుకున్నారు, అక్కడే నడిపారు, నిజమే. అది కట్ట వేసి నిలబెట్టిన నీరు, ఇప్పటికే చాలా మోసింది. అస్థికలు గోదావరికో సముద్రానికో తీసుకెళ్ళి, సాగర్‌లో పడవల వరస పెట్టండి.

ఆ వరస సంగతి కమిటీలవారికి. నివాళి వరసలో వేగమైన పడవ ముందుంటే అయిదు నిమిషాల్లో వరస చిందరవందర. అన్నిటికంటే నెమ్మదైనదాన్ని ముందు పెట్టండి. పడవకీ పడవకీ మధ్య రెండు పడవల పొడవు ఖాళీ. పెద్ద పడవలు గాలి పోయే వైపు వెళ్ళాలి, లేకపోతే వాటి తెరచాపల నీడలో చిన్నవి గాలి అందక నిలిచిపోతాయి. ఆవిడ ఇంటివాళ్ళు కూర్చున్న బోటు ముందుకి రాగానే జిబ్ షీట్ వదలాలి. తెరచాప రెపరెపలాడుతుంది, అదే వందనం. దాటాక మళ్ళీ బిగించాలి. జెండా అవనతం చేసేటప్పుడు ముందు పైదాకా ఎత్తి తర్వాత సగానికి దించాలి. సాయంత్రం తీసేటప్పుడూ అంతే, పైదాకా ఎత్తి దించాలి. గంట ఉంటే ఎనిమిది కొట్టండి, రెండేసి చొప్పున నాలుగు జతలు. ఓడలో అరగంటకొక దెబ్బ చొప్పున నాలుగు గంటల కాపలా ముగిసిందని చెప్పే లెక్క అది. ఆ తర్వాత ఉపన్యాసం వద్దు.

కమిటీలకి ఇంకో మూడు మనవులు. నెలరోజులు ఆవిడ లాకరు తెరవకండి. ఆర్నెల్లు స్థలం అద్దె అడగకండి, బదులుగా పడవ బాగోగులు చూసే ఒక మనిషి పేరు ఇంటివాళ్ళకి చెప్పండి. ఆవిడ పేరుతో వెండికప్పు పెట్టొద్దు. కప్పు అద్దాల బీరువాలో నల్లబడుతుంది. ఆ డబ్బుతో ఒక ఆప్టిమిస్ట్ పడవకి తెరచాప కొనండి. పడవ 2.36 మీటర్లు, తెరచాప 3.3 చదరపు మీటర్లు, పదేళ్ళ పిల్ల ఒక్కతే నడపగలదు.

పాత తెరచాప ఉంచాలా కోయాలా అన్నది గోటితో తేలుతుంది. కుట్టుమీద గోరుతో గీకండి. దారం తెగితే ఎండకి మాడిందని అర్థం, తిరిగి కుట్టించొచ్చు. గుడ్డ కూడా చేత్తో లాగితే చిరుగుతుంటే దాని పని అయిపోయింది. వాషింగ్ మెషీన్లో వెయ్యకండి, బ్లీచింగ్ వద్దు. మంచినీళ్ళతో కడిగి, నీడలో ఆరబెట్టి, మడతపెట్టకుండా చుట్టండి. పని అయిపోయిన 20 చదరపు మీటర్ల తెరచాపలో అతుకులూ మాడిన అంచులూ పోను ఇరవై దాకా చేతిసంచులు వస్తాయి. 100 లేదా 110 నంబరు సూది, పాలియెస్టర్ దారం, జిగ్‌జాగ్ కుట్టు. నిటారు కుట్టు వేస్తే గుడ్డ ఆ గీత వెంట కాగితంలా చిరుగుతుంది. కొసలు వేడి సోల్డరింగ్ కడ్డీతో కోస్తే పీచు లేవదు. సెయిల్ నంబరున్న ముక్క మాత్రం ఎవరూ కోయకండి.

పడవ ఉంచుకుంటారో, అమ్ముతారో, క్లబ్బుకిస్తారో మీ ఇష్టం. నిర్ణయం తేలేదాకా నాలుగు పనులు చేస్తే చాలు. బీమావాళ్ళకి కబురు చెప్పండి. పడవ వెనక తగిలించే అవుట్‌బోర్డ్ ఇంజనుకి పెట్రోలు గొట్టం తీసి, ఆగిపోయేదాకా నడపండి. కార్బురేటర్లో మిగిలిన పెట్రోలు కొన్ని నెలల్లో జిగురై సన్నటి రంధ్రాలు మూసేస్తుంది. తెరచాప బూమ్ మీద వదలకండి. ఒడ్డునున్న పడవ ముక్కు ఎత్తుగా పెట్టి, వెనక అడుగున నీళ్ళు పోయే బిరడా తీసేయండి, వాననీరు దానంతటదే పోతుంది. తీసిన బిరడా సొరుగులో పడేస్తే మళ్ళీ దొరకదు. ఒక చిన్న దారంతో టిల్లర్‌కి కట్టండి. తర్వాత ఎవరు ఆ పడవను నీళ్ళలోకి దించబోయినా, టిల్లర్ పట్టుకోగానే ముందు అది చేతికి తగలాలి.

ఇట్లు,
పడవలు నడిపేవాళ్ళం, తెరచాపలు కుట్టేవాళ్ళం